నా రిస్క్ స్కోరు 70

అమ్మ కాలి పుండుకి కట్టు మార్పించడానికి ఆసుపత్రికి వెళ్లిన రోజు, బయట కూర్చున్న నా చేతికి నర్సు ఒక కాగితం ఇచ్చింది. "మీరూ నింపండి మేడమ్, అమ్మగారికి షుగర్ ఉంది కదా" అంది. నాకు 41 ఏళ్లు, 54 కిలోలు. సన్నగా ఉన్నవాళ్లకి షుగర్ రాదన్న ధీమాతోనే పెన్ను తీశాను.

అది చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్లు 2005లో మనవాళ్ల కోసం తయారుచేసిన రిస్క్ స్కోరు, అంటే షుగర్ ముప్పు ఎంతుందో అంచనా వేసే లెక్క. వయసు 35 దాటినందుకు 20. అమ్మకి షుగర్ ఉన్నందుకు 10. రోజంతా కుర్చీలో పని, వ్యాయామం లేదు కాబట్టి 30. నడుము దగ్గర ఎప్పటిదో టైలర్ కొలత రాయబోతే నర్సు ఆపింది. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యన, ఊపిరి వదిలాక టేపు పెట్టాలట. 86 సెంటీమీటర్లు! ఆడవాళ్లకి 80 నుంచే లెక్క, ఇంకో 10. మొత్తం 70. అరవై వస్తేనే హై రిస్క్.

స్కోరు ఎక్కువైనంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, రక్తపరీక్ష చేయించుకోవాలని అర్థం. ఆ మాట విన్నాక టెన్షన్ కొంచెం తగ్గింది. కానీ డాక్టరుగారు కాగితంలో లేని ప్రశ్న ఒకటి అడిగారు: "కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చిందా అమ్మా?" వచ్చింది. రెండో కాన్పప్పుడు, ఏడో నెలలో. పాప పుట్టాక తగ్గిపోయిందని పదకొండేళ్లుగా దాని ఊసే ఎత్తలేదు. అలా వచ్చినవాళ్లకి తర్వాత షుగర్ వచ్చే అవకాశం చాలా ఎక్కువని, కాన్పయ్యాక కూడా క్రమం తప్పకుండా పరీక్ష చేయించుకుంటూ ఉండాలని నాకు అప్పుడే తెలిసింది. ఇంతకాలం ఎవరూ చెప్పనందుకు చాలా బాధేసింది.

మర్నాడు పరగడుపున రక్తం ఇచ్చి, 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లు తాగి, రెండు గంటలు కూర్చుని మళ్లీ ఇచ్చాను. పరగడుపున 104, రెండు గంటలకి 168, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 6.0. షుగర్ ఇంకా రాలేదు, దానికి ముందు దశ, ప్రీడయాబెటిస్. 104 ఒక్కటే చూసి ఉంటే "కాస్తే కదా" అని వదిలేసేదాన్ని.

వయసునీ అమ్మ నుంచి వచ్చినదాన్నీ మార్చలేను. మిగిలినవి నడుము, నడక. ఏడు నెలలుగా రోజూ నలభై నిమిషాలు వేగంగా నడుస్తున్నాను, రాత్రి అన్నం సగం చేశాను. నడుము 82కి వచ్చింది. నడుముకి ఇంకా ఆ 10 ఉంది కానీ, నడక వల్ల వ్యాయామం దగ్గరి 30 కాస్తా 20 అయింది, స్కోరు ఇప్పుడు 60. ఇంకా హై రిస్కే. నడుము 80 కిందకి దిగితే 50 అవుతుంది.

మొన్న చెల్లికి ఫోన్ చేసి అదే ప్రశ్న అడిగాను. కాసేపు మాట్లాడలేదు. "అవునక్కా, చిన్నోడప్పుడు వచ్చింది. తగ్గిపోయింది కదా అని ఎవరికీ చెప్పలేదు" అంది. సోమవారం దాన్ని ల్యాబ్‌కి తీసుకెళ్తున్నాను.