బ్యాంక్ పీఓ ఇంటర్వ్యూ: మన జవాబులోంచే తర్వాతి ప్రశ్న

మెయిన్స్ రాతపరీక్ష గట్టెక్కాక చాలామంది ఇంటర్వ్యూని తేలిగ్గా తీసుకుంటారు. బ్యాంకు ఉద్యోగాల పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ వాళ్ల పీఓ (ప్రొబేషనరీ ఆఫీసర్) ఫైనల్ మెరిట్‌లో మెయిన్స్‌కి 80, ఇంటర్వ్యూకి 20 వెయిటేజీ. కటాఫ్ అంచున ఉన్నవాళ్ల తలరాత ఆ 20లోనే తేలుతుంది. పైగా ఇంటర్వ్యూలో విడిగా 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగులైతే 35 శాతం రావాల్సిందే.

వంద ప్రశ్నలు జవాబుల పీడీఎఫ్ ఒకటి అందరి ఫోన్లలో తిరుగుతుంటుంది, దాన్ని పక్కన పెట్టేయండి. బోర్డువాళ్లు మన బయోడేటా చూసి అడుగుతారు, అంతకంటే ఎక్కువగా మనం అప్పుడే అన్న మాట పట్టుకుని అడుగుతారు. అందుకే నేను పరిచయంలో చెప్పబోయేది కాగితం మీద రాసుకుని, ఊరు, డిగ్రీ, హాబీ, ఇలా ప్రతి మాట కింద గీత గీసి, దాని మీద ఏం అడగొచ్చో పక్కనే రాసుకుంటూ పోయాను.

మాది గుంటూరు, ఆ పేరు చెప్పగానే మిర్చి వస్తుంది. రేటు పడిపోతే రైతు ఏం చేస్తాడు? కోల్డ్ స్టోరేజీలో పెడతాడు. అక్కడ బ్యాంకుకేం పని? ఆ సరుకు తాకట్టు మీద అప్పు ఇస్తుంది. రేటు ఇంకా పడితే ఆ అప్పు సంగతేంటి? ఇక్కడికొచ్చేసరికి పుస్తకాలు చాలవు. మిర్చి వేసే మా బాబాయిని కూర్చోబెట్టి అడిగితే అసలు లెక్క తెలిసింది: టిక్కీకి (మిర్చి బస్తాకి) ఇంతని స్టోరేజీ అద్దె, పైన అప్పు వడ్డీ, ఈ రెండూ పోను రేటు పెరిగితేనే ఏసీ కాయకి, అంటే కోల్డ్ స్టోరేజీలో పెట్టిన మిర్చికి లాభం, లేదంటే కళ్లంలో అమ్ముకున్నవాడే నయం. దీని పక్కన కేసీసీ (కిసాన్ క్రెడిట్ కార్డు) పంట అప్పు పెట్టుకోండి, 3 లక్షల దాకా 7 శాతం వడ్డీ, గడువులోపు కడితే 3 శాతం రాయితీ, అంటే రైతుకి పడేది 4 శాతమే.

రెపో రేటు, అంటే ఆర్‌బీఐ బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ రేటు, అంకె అందరూ చెప్తారు, అది తగ్గితే మీ ఇంట్లో హోమ్ లోన్ ఈఎంఐ ఏమవుతుందో కూడా చెప్పగలగాలి. ఆంధ్రా బ్యాంక్ కూడా చూసుకోండి, 1923లో మచిలీపట్నంలో పట్టాభి సీతారామయ్య గారు పెట్టింది, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్‌లో కలిసింది, ఎందుకు కలిపారన్నది తర్వాతి ప్రశ్న.

బీటెక్ చేసి బ్యాంకుకెందుకు అంటే ఉద్యోగ భద్రత అని చెప్పడంలో తప్పేం లేదు, కానీ అక్కడే ఆపేయకండి. ఇంగ్లిష్ గురించి టెన్షన్ వద్దు, చిన్న వాక్యాలు చాలు. రానిది రాదని చెప్పేయండి, ఊహించి చెప్తే దాని మీద ఇంకో రెండు పడతాయి.

ఇంకోటి, బీసీ సర్టిఫికెట్ ఉంది కదా అని ధీమాగా ఉండకండి. కేంద్రం ఫార్మాట్‌లో, నాన్ క్రీమీలేయర్ (సంపన్న శ్రేణి కాదు) అని రాసి ఉన్న ఓబీసీ సర్టిఫికెట్ కావాలి. రాష్ట్రంలో బీసీ అయినంత మాత్రాన కేంద్ర జాబితాలో ఉండాలని లేదు, అది ముందే చూసుకుని, కాల్ లెటర్ రాకముందే తహసీల్దార్ ఆఫీసు పని ముగించేయండి.