సంఘం మీటింగ్ అని చెప్పి

ఇది ఆ రోజు రాత్రి నోట్‌బుక్కులో రాసుకున్నది. ఇందులో ఉన్నవాళ్ళని అడిగి, గుర్తుపట్టే వివరాలన్నీ తీసేసి, ఇన్నాళ్ళకి ఇక్కడ పెడుతున్నాను. ఇప్పుడు మా ఊళ్ళో ఏం మీటింగో పేరు పెట్టి చెప్పే పిలుస్తున్నాం కాబట్టి, అప్పటి సంగతి బయటికి చెప్పినా ఎవరికీ ఇబ్బంది లేదు.

నవంబర్ 25

పొద్దున లేచేసరికి తూర్పున మబ్బు పట్టి ఉంది. సార్వా కోతలు సగం అయ్యాయి, పనలు ఇంకా చేలోనే ఉన్నాయి. ఈ మబ్బు చూసి ఎవరూ రారేమోనని టీ తాగేటప్పటి నుంచీ టెన్షన్. రెండు వారాలుగా ఇంటింటికీ తిరిగి చెప్పాను మరి. గ్రామ సమాఖ్యలో పుస్తకాలు రాసేదాన్ని కాబట్టి ఏ గుమ్మం ముందు నిలబడినా ఎందుకొచ్చావని అడగరు. ఏం మీటింగని అడిగినవాళ్ళకి మాత్రం "సంఘం మీటింగండి" అన్నాను, అంతే. అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. అసలు మీటింగ్ ఆడవాళ్ళ మీద జరిగే హింస గురించి. పుట్టింటికంటే ఎందుకంటారు. ఆసుపత్రికంటే తోడొస్తామంటారు. పోలీస్ స్టేషన్‌కంటే ఇక చెప్పక్కర్లేదు. సంఘం మీటింగంటే లోన్ ఉంటుంది, సంతకం ఉంటుంది, "వెళ్ళు, తొందరగా వచ్చెయ్" అంటారు. మా ఆడవాళ్ళకి అడ్డులేని మాట అదొక్కటే.

మూడింటికి పిలిస్తే మూడున్నరకి 41 మంది వచ్చారు. కొంతమంది కొడవలి గోడకి ఆనించి, కాళ్ళ బురద కడుక్కుని కూర్చున్నారు.

ముందు అంగన్‌వాడీ టీచర్ ఈ తేదీ సంగతి చెప్పింది. డొమినికన్ రిపబ్లిక్ అనే దేశంలో పాట్రియా, మినర్వా, మరియా తెరెసా అని ముగ్గురు అక్కచెల్లెళ్ళు. నియంతకి ఎదురు నిలిచారని 1960లో ఇదే రోజున వాళ్ళని కొట్టి చంపించి, జీపులో వేసి, లోయలో పడిపోయినట్టు చూపించారు. వాళ్ళ తోబుట్టువు ఒకామె బతికి, చచ్చిపోయినవాళ్ళ పిల్లల్ని పెంచి, జరిగింది లోకానికి చెప్పింది. ఈ రోజు నుంచి డిసెంబర్ 10 దాకా 16 రోజులు ఇలాంటి మీటింగులు 1991 నుంచీ దేశదేశాల్లో జరుగుతున్నాయంట. ఎక్కడి దేశమో, ఎవరికి పడుతుందిలే అనుకున్నాను. ముందు వరసలో ఉన్న మామ్మగారు తల పంకించి అన్నారు: "మన దగ్గర స్టవ్ పేలిందంటారు, అక్కడ జీపు పడిందన్నారు." హాలంతా ఒక్కసారి సద్దుమణిగింది. ఇరవయ్యేళ్ళ కిందట మా ఊళ్ళో పేలిన స్టవ్ ఎవరిదో అందరికీ తెలుసు. ఎవరూ ఆ పేరు ఎత్తలేదు. కానీ అందరం ఆమె గురించే ఆలోచిస్తున్నామని తెలుస్తూనే ఉంది.

తర్వాత లాయరు గారు. ఈవిడ మైకు తీసుకోలేదు, జంపఖానా మీద మాతో పాటే కూర్చున్నారు. లైంగిక దాడి జరిగితే మనకి మొదట తోచేది నెత్తిన నీళ్ళు పోసుకోవడమే కదా. పొయ్యొద్దన్నారు. ఆ బట్టలు ఉతకొద్దు, ప్లాస్టిక్ కవర్లో పెడితే చెమ్మ పడుతుంది, కాగితంలో చుట్టి తీసుకెళ్ళాలి. స్నానం చేసేసినా సరే, వెళ్ళడం మానొద్దు. 72 గంటల్లోపు ఆసుపత్రికి చేరితే గర్భం రాకుండా, హెచ్‌ఐవీ సోకకుండా మందులిస్తారు. ప్రైవేటు ఆసుపత్రయినా వెంటనే ఉచితంగా వైద్యం చెయ్యాల్సిందే, ముందు పోలీసు కాగితం తెమ్మనకూడదు. ఏ స్టేషన్లో చెప్పినా కేసు రాసుకోవాలి, మా పరిధి కాదనకూడదు. జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు దాన్ని, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో రాతపూర్వకంగా ఉంది. ఆడవాళ్ళ హెల్ప్‌లైన్ 181, ఏ అత్యవసరానికైనా 112, పిల్లలకి 1098. ఈ నంబర్లు అందరి చేతా మూడుసార్లు చెప్పించారు, బళ్ళో ఎక్కం చెప్పించినట్టు.

కొబ్బరి పీచు మిల్లులో పనిచేసే ఇద్దరు వెనకాల గుసగుసలాడుకుని చివరికి అడిగారు. "మేం పదిమందిమి కూడా లేమండి. చెయ్యి ఊరుకోని మేస్త్రీలు మా దగ్గరా ఉంటారు. ఆ చట్టం ఆఫీసుల్లో చేసేవాళ్ళకేనాండి?" కాదట. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం వాళ్ళకీ వర్తిస్తుంది. పదిమంది లోపు ఉన్నచోట, లేదా ఓనరు మీదే ఫిర్యాదయితే, జిల్లాలో లోకల్ కమిటీకి ఇవ్వాలి. మూడు నెలల్లోపు. రాయడం రాకపోతే రాయించుకునే హక్కూ ఉంది. ఇన్నేళ్ళు పుస్తకాలు రాస్తూ నాకే ఈ సంగతి తెలియదు. సిగ్గుగా అనిపించింది.

మగవాళ్ళని కూడా పిలిచాం, నలుగురే వచ్చారు. అందులో ఒకాయన కొబ్బరి దింపు తీస్తారు. గుమ్మం దగ్గరే నిలబడ్డారు, కూర్చోమన్నా కూర్చోలేదు. అందరూ అయ్యాక మొలతాడు సర్దుకుంటూ నెమ్మదిగా మొదలెట్టారు. "చెట్టెక్కితే నాలుగిళ్ళ పెరళ్ళు కనపడతాయండి. కిందున్నవాళ్ళకి నేనున్నానని గుర్తుండదు. ఓ ఇంట్లో ఆయన ఆవిణ్ణి జుట్టు పట్టుకుని నూతి చప్టాకేసి కొడతన్నాడు. గెల కొయ్యడం ఆపేసి మట్టని పట్టుకుని అలాగే ఉండిపోయానండి. దిగాక ఏం చూడనట్టే డబ్బులు తీసుకుని వెళ్ళిపోయాను. ఆ ఇంటికి మళ్ళీ రెండు నెల్లకి దింపుకెళ్ళాలి. వెళ్ళలేదండి."

ఆయన చేతులు చూశాను. మట్టలు గీరుకుని అరచేతులు కాయలు కాసి ఉన్నాయి. ఆ చేతులు వణుకుతున్నాయి.

లాయరు గారు ఆయన్ని తప్పు పట్టలేదు. 2005 గృహహింస చట్టంలో ఒక సెక్షన్ ఉందని చెప్పారు. హింస జరుగుతోందని నమ్మకంగా తెలిసినవాళ్ళెవరైనా ప్రొటెక్షన్ ఆఫీసర్‌కి, అంటే ఆ చట్టం కింద ప్రభుత్వం పెట్టిన అధికారికి, చెప్పొచ్చు. చుట్టం కానక్కర్లేదు, పక్కింటివాడూ కానక్కర్లేదు. మంచి ఉద్దేశంతో చెప్తే ఆ చెప్పినవాళ్ళ మీద ఏ కేసూ రాదు. "నాలాటోడు చెప్పినా రాసుకుంటారాండి?" "రాసుకుంటారు బాబాయ్." ఆయన అప్పుడు కూర్చున్నారు. ఆయన అలా కూర్చోవడం చూస్తే నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. మా ఊళ్ళో ఎన్ని చెట్లున్నాయి, ఎంతమంది ఎక్కుతారు, ఎన్ని పెరళ్ళు వాళ్ళ కంట పడతాయి! ఇన్నాళ్ళూ వాళ్ళనెవరమూ అడగలేదు.

ఇంట్లో హింస నుంచి కిందటేడు బయటపడ్డ ఒకామె ఈ రోజు వచ్చింది. మీటింగ్ మొదలవకముందే నా చేతిలో ఒక కాగితం మడత పెట్టింది. పాల లెక్క రాసుకునే క్యాలెండర్‌లో ఒక నెల కాగితం. ప్రతి గడిలోనూ అర, అర, ఒకటి, అర. ఒక్క గడిలో మాత్రం "పాలు 181". ఫోన్‌లో ఉంటే ఆయన చూస్తాడని అలా రాసుకుందట. నాలుగు నెలలు రోజూ పాలు పోయించుకుంటూ ఆ అంకె చూసుకుంది. ఐదో నెలలో ఫోన్ చేసింది. "చూపించు అందరికీ, నా పేరు చెప్పకు" అంది. కాగితం చేతులు మారుతూ హాలంతా తిరిగింది. లైంగిక దాడికి గురైనవాళ్ళ పేరు బయటపెడితే రెండేళ్ళ దాకా జైలని లాయరు గారు చెప్పారు. ఈమెది ఆ కేసు కాదు. అయినా, చట్టం ఉన్నా లేకపోయినా పేరు రాయను.

హింసకి గురైన ఆడవాళ్ళకి సాయం చేసే సఖి సెంటర్ కౌన్సెలర్ చెప్పింది తక్కువే. కానీ నాకు అదే గట్టిగా తగిలింది. ఎవరైనా వచ్చి చెప్పుకుంటే, అక్కడికెందుకెళ్ళావు, అప్పుడే ఎందుకు చెప్పలేదు, ఈ రెండూ అడగొద్దు. నమ్ముతున్నానని చెప్పాలి. తర్వాత ఏం చెయ్యాలో ఆమెనే అడగాలి.

2015 పుష్కరాలప్పుడు కోటిపల్లి రేవులో, ఇంటర్లో నా పక్కన కూర్చున్న స్నేహితురాలు కనపడింది. తడి కొంగు పిండుకుంటూ చెప్పింది. జాకెట్టు చెయ్యి పైకి లాగి మచ్చ చూపించింది. నేనేమన్నానో అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "పిల్లలున్నారు కదే, కాస్త సర్దుకుపో." "అంతేలే" అని చెయ్యి కిందికి లాక్కుని పిల్లాడి తల తుడవడంలో పడింది. మరుసటేడు కువైట్ వెళ్ళిందని తెలిసింది, ఇంట్లో పనికి. పిల్లలు అమ్మమ్మ దగ్గర. ఇక్కడ సర్దుకునే చోటు లేకే కదా సముద్రం దాటింది. ఆ మాట నాది. దాన్ని వెనక్కి తీసుకోవడానికి ఆమె నంబరు కూడా లేదు నా దగ్గర.

అందరూ వెళ్ళిపోయారు. చీకటి పడుతోంది, దోమలు మొదలయ్యాయి. జంపఖానా దులుపుతుంటే రెండో కొస ఎవరో పట్టుకున్నారు. ఆమె ఎవరో రాయను. మడత పెట్టేటప్పుడు ఇద్దరం ఎదురెదురుగా దగ్గరికి నడుస్తాం కదా, కొసలు కలుపుతాం, మళ్ళీ వెనక్కెళ్తాం. దగ్గరికొచ్చినప్పుడల్లా ఒక ముక్క చెప్పింది. మొదటి మడతకి "అక్కా, ఆ 72 గంటలు దాటితే?" రెండో మడతకి "చాలా రోజులైంది." మూడో మడతకి ఏమీ చెప్పలేదు, కొసలు నా చేతిలో పెట్టి వదల్లేదు.

గొంతులో ఏవేవో మాటలు అడ్డం పడ్డాయి. ఒక్కటీ అనలేదు.

"నమ్ముతున్నా. దాటినా వెళ్దాం. నేనొస్తా. ఎప్పుడెళ్దామంటావు?"

ఒక రోజు చెప్పింది. ఇంట్లో ఏం చెప్తావని అడిగాను.

"సంఘం మీటింగని చెప్తానక్కా."

ఇంటికొచ్చి పుస్తకం తీసి ఆ తేదీకి మీటింగ్ రాశాను. హాజరు, ఇద్దరు. బస్సు ఎనిమిదీ నలభైకి.