మూడో బొమ్మ మళ్లీ రాలేదు

పేపర్ వేసుకునే ముందు కోడ్, ఇన్‌పుట్ ఫైళ్లు పంపమని, తమ వాళ్లు నడిపి చూస్తారని జర్నల్ నుంచి మెయిల్ వచ్చింది. అన్నీ ఉన్నాయిగా అనుకుని ఫోల్డర్ జిప్ చేసి పంపేశాను. మూడు వారాలకు జవాబు: పేపర్లోని మిగతా బొమ్మలు (గ్రాఫ్‌లు) వచ్చాయి, 3వది రాలేదు.

నాది గ్రోమాక్స్ అనే ప్రోగ్రామ్‌తో చేసిన మాలిక్యులర్ డైనమిక్స్ పని, అంటే అణువులు ఎలా కదులుతాయో కంప్యూటర్లో లెక్కగట్టడం. యూరియా కలిపిన నీళ్లలో నీటి అణువుల డిఫ్యూజన్ (అవి ఎంత త్వరగా చెదిరి విస్తరిస్తాయన్నది) రెండు గాఢతల దగ్గర వేరుగా ఉందని 3వ బొమ్మలో చూపించాను. వాళ్లు నడిపితే ఆ తేడా కనపడలేదట.

ఇన్‌పుట్ ఫైలు తెరిచి చూస్తే 'జెన్-సీడ్ = -1' అని ఉంది. అంటే ర్యాండమ్ అంకెలు ఎక్కణ్ణుంచి మొదలవ్వాలో చెప్పే అంకెను, అదే సీడ్‌ని, ఎప్పటికప్పుడు ప్రోగ్రామే ఎంచుకుంటుంది. అణువులకు మొదటి వేగాలు పుట్టేది ఆ సీడ్ నుంచే. ఏ అంకె ఎంచుకుందో నేను రాసుకోలేదు. ఆ వేగాలున్న టీపీఆర్ ఫైలు క్లస్టర్‌లో (చాలా కంప్యూటర్లు కలిపిన పెద్ద మెషీన్) స్క్రాచ్ అనే తాత్కాలిక జాగాలో పెట్టాను. స్క్రాచ్‌ని ఊడ్చేస్తుంటారని తెలిసీ పెట్టాను. లాగ్ ఫైలు మాత్రం మిగిలింది. ఏ వెర్షన్, ఎన్ని ప్రాసెసర్ కోర్లు అన్నది దాన్నుంచే తెలిసింది.

సరే, సీడ్ ఒకటి ఖాయం చేసి 16 కోర్ల మీద ఒకసారి, 32 మీద ఒకసారి నడిపాను. మొదట ఒకేలా ఉన్న అంకెలు కాసేపటికి దారులు మార్చుకున్నాయి. బగ్ అనుకుని రెండు రోజులు వెతికాను. కాదు. పైథాన్‌లో 0.1, 0.2 కలిపి తర్వాత 0.3 కలిపితే 0.6000000000000001 వస్తుంది, ముందు 0.2, 0.3 కలిపి దానికి 0.1 కలిపితే 0.6. కోర్లు మారితే బలాలను కూడే వరస మారుతుంది, అంతే. 1961లో వాతావరణ శాస్త్రవేత్త లోరెంజ్ 0.506127 బదులు 0.506 కొట్టి వాతావరణం లెక్కే మారిపోవడం చూసిన కథ క్లాసులో విన్నాను, నా టెర్మినల్‌లో చూస్తాననుకోలేదు. ప్రతిసారీ అవే అంకెలు రావడానికి '-రీప్రాడ్' ఆప్షన్ ఉంది గానీ, అది పనిచేసేది అదే మెషీన్, అదే బైనరీ (కంపైల్ చేసిన ప్రోగ్రామ్), అన్నే కోర్లు ఉంటేనే. వాళ్ల మెషీన్ నాది కాదుగా.

మా గైడ్ సార్‌కి చెప్తే ఒకటే అడిగారు: "ఒక్క రన్ మీద బొమ్మ గీశావా?"

ఒక్కో గాఢతకు ఐదు సీడ్లతో మళ్లీ నడిపాను. రెండు గాఢతల ఎర్రర్ బార్లు (రన్‌కీ రన్‌కీ అంకె ఎంత ఊగుతుందో చూపే గీతలు) ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. నేను చూపించిన తేడా లేదు! పేపర్లో ఆ పేరా కొట్టేసి, బొమ్మ మార్చాను. అది కొట్టేటప్పుడు ఏడుపొచ్చిన మాట నిజం.

ఆ తర్వాతది చాకిరీ: ప్రోగ్రామ్‌ని దానికి కావాల్సినవాటితో సహా మూటగట్టే కంటెయినర్, సీడ్ల జాబితా, సెర్న్ నడిపే జెనోడో అనే డేటా భాండాగారంలో అప్‌లోడ్ చేసి డీవోఐ (శాశ్వత గుర్తింపు నంబరు). పంపే ముందు మా జూనియర్ చేత కొత్త లాగిన్‌లో నడిపించాను. పది నిమిషాల్లో వచ్చాడు. "అక్కా, ప్లాట్ స్క్రిప్ట్ నీ హోమ్ డైరెక్టరీలోకి వెళ్లి ఫైలు అడుగుతోంది."

ఫోల్డర్‌తో పాటు పంపే సూచనల ఫైలు రీడ్‌మీలో పైనే రాశాను: అంకెకు అంకె కలవదు, ఐదు రన్‌ల సగటు ఎర్రర్ బార్ల లోపల ఉంటే కలిసినట్టే. ముందే అలా రాసి ఉంటే వాళ్లూ నేనూ ఒకే పరీక్ష పెట్టుకునేవాళ్లం.

రెండోసారి జవాబు త్వరగానే వచ్చింది. 3వ బొమ్మ వచ్చిందట. రీడ్‌మీలో నాలుగో లైన్లో స్పెల్లింగ్ తప్పుందట.