రెండోసారి ఇంజిన్ దించితేగాని తెలియని సంగతి

మా పది టైర్ల టిప్పరు 2014 మోడల్, బీఎస్-3 (పాత కాలుష్య ప్రమాణాల) బండి. 2019లో పాత బండిగా కొన్నాను. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం థర్మల్ విద్యుత్ కేంద్రం బూడిద చెరువు దగ్గర లోడు ఎత్తి, చుట్టుపక్కల బూడిద ఇటుకల యూనిట్లకూ రోడ్డు పనులకూ తోలడం దాని పని. 2021 చివర్లో దానికి ఫుల్ ఇంజిన్ పని చేయించాను. ఆరు సిలిండర్లకూ అర మిల్లీమీటరు బోరింగు (అరిగిన లోపలి గోడను ఆ మేరకు తొలిచి వెడల్పు చేయడం), కొత్త పిస్టన్లు, రింగులు, బేరింగులు, క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) గ్రైండింగు అన్నీ కలిపి లక్షా అరవై వేలు దాటింది. సరిగా చేసిన ఇంజిన్ పని రెండు మూడు లక్షల కిలోమీటర్లైనా నిలవాలి. మా బండి మాత్రం 2023 ఏప్రిల్ నాటికి, అంటే 38 వేల కిలోమీటర్లకే, మళ్ళీ ఆయిల్ తాగడం మొదలుపెట్టింది.

మొదట డ్రైవరు మాట నేను నమ్మలేదు. పొద్దున్నే డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ కింది గీతకు దిగి ఉండేది. లెక్క రాసి చూసుకుంటే ప్రతి 250 కిలోమీటర్లకు ఒక లీటరు పోస్తున్నామని తేలింది. సైలెన్సరు నుంచి నీలం కలిసిన పొగ, ఇంజిన్ లోపలి ఆవిరి బయటికి పోయే బ్రీదర్ గొట్టం కింద నేల మీద ఆయిల్ చుక్కలు, లోడుతో చిన్న ఎత్తు ఎక్కాలన్నా ఒక గేరు తగ్గించాల్సిన పరిస్థితి, ఇవన్నీ ఒక్కొక్కటిగా తోడయ్యాయి. ఒకరోజు ఇంజిన్ స్లోలో ఉండగా ఆయిల్ పోసే మూత విప్పి, దాన్ని తిరగేసి ఆ రంధ్రం మీదే ఊరికే పెట్టి చూశాను. అది అన్నం కుండ మీది మూతలా ఎగిరెగిరి పక్కకు పడిపోయింది. మెకానిక్కులు బ్యాక్ కంప్రెషన్ అనేది దీన్నే. రింగులు ఆపవలసిన వాయువు ఆగకుండా పిస్టన్ పక్క నుంచి కిందికి, ఆయిల్ ఉండే చాంబరులోకి దిగిపోతోందన్నమాట.

మొదటిసారి పని చేసిన మెకానిక్కు దగ్గరికే తీసుకెళ్ళాను. ఆయన కిట్టు (పిస్టన్లు, రింగుల సెట్టు) నాసిరకమని ఒకసారి, డ్రైవరు బండిని ఈడ్చాడని ఇంకోసారి చెప్పి, చివరికి మజూరీలో సగం తగ్గించి మళ్ళీ బోరింగు చేయిస్తానన్నాడు. ఆ మాటకు నేను దాదాపు ఒప్పుకున్నాను కూడా, ఎందుకంటే ఫైనాన్సు వాయిదా తారీఖు దగ్గరపడుతోంది, బండి నిలబడిన ప్రతి రోజూ నష్టమే. అయితే అసలు కారణం కిట్టేనా, ఇంకేదైనానా అన్న అనుమానం నన్ను వదలలేదు. లారీల యజమాని అయిన ఒక పెద్దాయన సలహా మీద బండిని జవహర్ ఆటోనగర్‌లోనే మరో మేస్త్రీ గారికి చూపించాను.

ఆయన బండి ఎంత పొగ వదులుతోందని అడగలేదు. ఎక్కడ తిరుగుతుందని అడిగారు. బూడిద చెరువు అని చెప్పగానే, స్పానర్లు తెమ్మనకుండా ఒక స్క్రూడ్రైవరు మాత్రం అడిగి తీసుకున్నారు. ఎయిర్ క్లీనరు నుంచి టర్బోకు (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసే చక్రానికి) వెళ్ళే రబ్బరు ఎల్బోకు (వంపు గొట్టానికి) ఉన్న రెండు క్లిప్పులూ వదులు చేసి, దాన్ని ఊడదీసి, లోపల వేలు పెట్టి చూడమన్నారు. వేలికి బూడిద రంగు పొడి అంటింది. చూపుకు ముఖానికి రాసుకునే పౌడరులా ఉంది గానీ, రెండు వేళ్ళ మధ్య నలిపితే సన్నగా గరగరలాడింది. ఫిల్టరు దాటి వచ్చిన గాలి నడిచే దారిలో అసలు ఉండకూడని వస్తువు అది.

ఎల్బో పైనుంచి చూస్తే కొత్తదానిలాగే ఉంది. తిప్పి అడుగు చూస్తే, క్లిప్పు ఒత్తుకున్న గుర్తు పక్కనే రెండంగుళాల చీలిక ఉంది. చేత్తో కొంచెం వంచితే నోరు తెరుచుకునేది, వదిలేస్తే మూసుకునేది. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు అది కనిపించదు. ఇంజిన్ నడుస్తూ మౌంటింగుల మీద ఊగుతున్నప్పుడు, టర్బో లోపలికి పీల్చుకుంటున్నప్పుడు అది తెరుచుకుంటుంది. మా ఇంజిన్ 5.9 లీటర్లది, నిమిషానికి 2,000 చుట్లు తిరిగితే టర్బో తోసే అదనపు గాలిని లెక్కించకపోయినా నిమిషానికి 5,900 లీటర్ల గాలి పీల్చుకుంటుంది. ఆ గాలిలో కొంత భాగం బూడిద చెరువు గట్టు మీద ఫిల్టరు చూడకుండానే లోపలికి పోతూ వచ్చింది. థర్మల్ బూడిదలో ఎక్కువ భాగం సిలికా, అల్యూమినా. ఆయిల్‌తో కలిసిందంటే అది వాల్వులు నూరే గ్రైండింగు పేస్టుకు ఏమీ తీసిపోదు. టర్బో చక్రం రెక్కల అంచులను టార్చి వేసి చూపించారు. ఏళ్ళ తరబడి సానపట్టిన కత్తిలా అవి పలచబడి మెరుస్తున్నాయి.

నేను ఎల్బో దగ్గరే తప్పంతా దొరికిందనుకుని ఊపిరి పీల్చుకుంటుండగా ఆయన ఎయిర్ క్లీనరు మూత కూడా తీశారు. అందులో రెండు ఫిల్టర్లు ఉండాలి, బయట పెద్దది, దాని లోపల రక్షణగా చిన్నది. మా బండిలో చిన్నది లేనే లేదు. పికప్ బాగుంటుందని ఎవరో ఎప్పుడో తీసి పారేశారు. పెద్ద ఫిల్టరు లోపల బల్బు వెలిగించి చీకట్లో చూస్తే, కాగితం మడతల్లో సూది మొనంత వెలుగు చుక్కలు నాలుగైదు చోట్ల కనిపించాయి. దానికి కారణం మా క్లీనరు కుర్రవాడు కాదు, నేనే. బూడిద పని కాబట్టి ప్రతి సాయంత్రం టైరు షాపులో గాలి కొట్టించి తీసుకురమ్మని చెప్పింది నేనే. టైర్లకు ఎక్కించే ఒత్తిడితో కాగితం మీద గాలి కొడితే దుమ్ము పోయినట్లే కనిపిస్తుంది గానీ, కాగితం మాత్రం రోజుకింత చిరుగుతుంది. మన లారీల వాళ్ళలో ఈ అలవాటు లేనివాళ్ళు తక్కువ. పైగా దాన్ని శుభ్రత కింద లెక్కవేసుకుంటాం.

ఆ తరువాతే ఇంజిన్ దించారు. హెడ్ తీసి బోరు చూడగానే, పై రింగు ఆగే చోట గోరు ఆనించి పైకి లాగితే మెట్టులా తగిలింది. బోర్ గేజి పెట్టి కొలిస్తే, రింగు తగలని అడుగు భాగంలో 102.50 మిల్లీమీటర్లు ఉన్నది, పై భాగంలో 102.71 దాకా పోయింది. ఆరింటిలో ఒకదానికీ మరోదానికీ పెద్ద తేడా లేదు. గాలితో వచ్చిన దుమ్ము అన్ని సిలిండర్లకూ సమానంగా అందుతుంది కాబట్టి అరుగుదలా అలాగే ఉంటుందనీ, సిలిండరులోకి డీజిల్ చిమ్మే ఏదో ఒక నాజిల్ చెడితే ఒక సిలిండరే ఎక్కువ దెబ్బతింటుందనీ మేస్త్రీ గారు వివరించారు. నన్ను అన్ని రోజులూ వేధించిన అనుమానానికి జవాబు అదే. బేరింగుల మెత్తటి పొరలో సన్నటి రేణువులు దిగబడి ఉన్నాయి, క్రాంకు జర్నల్స్ (బేరింగుల్లో తిరిగే గుండ్రటి భాగాలు) మీద వేలికి తెలిసేటంత గీతలున్నాయి.

మా ఇంజిన్‌కు విడిగా లైనర్లు ఉండవు. సిలిండరు బ్లాకులోనే తొలిచి ఉంటుంది. అసలు కొలత 102 మిల్లీమీటర్లు, మొదటి బోరింగు 102.50, రెండోది 103. అంతటితో ఆఖరు. ఆ తరువాత స్లీవులు (కొత్త లోహపు గొట్టాలు) దిగ్గొట్టించి మళ్ళీ మొదటి కొలతకు తేవడం తప్ప వేరే దారి లేదు. ఇప్పుడే స్లీవులు వేయిస్తే ఎలా ఉంటుందని ఆలోచించాం. ఖర్చు ఎక్కువ, పని మరో వారం సాగుతుంది, పైగా ఆఖరి బోరింగు ఇంకా చేతిలో ఉండగా దాన్ని వదులుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. 103కే వెళ్ళాం. క్రాంకు కూడా అర మిల్లీమీటరు తగ్గించి గ్రైండింగు చేయించాం. అది తిరిగి వచ్చాక మేస్త్రీ గారు కొలతల కంటే ముందు జర్నల్ మూలల్లోని గుండ్రటి వంపును వేలితో తడిమి చూశారు. ఆ వంపు పోయి పదునైన మూల ఏర్పడితే క్రాంకు ఏదో ఒకరోజు సరిగ్గా అక్కడే విరుగుతుందట.

ఈ పని మొత్తంలో నాకు బాగా గుర్తుండిపోయింది బ్లాకు కడిగిన రోజు. లేత్ షాపు వాళ్ళు బోరింగు, హోనింగు (రాయితో సన్నగా నూరడం) పూర్తి చేసి, డీజిల్‌తో కడిగి, వేస్టు గుడ్డతో తుడిచి పంపారు. బోరు లోపల అడ్డదిడ్డంగా సన్నటి గీతలతో వెండిలా మెరుస్తోంది. నా కంటికి అంతకంటే శుభ్రంగా ఉండటం సాధ్యం కాదనిపించింది. మేస్త్రీ గారు ఇంట్లోంచి తెచ్చిన పాత తెల్ల పంచె ముక్కను ఆయిల్‌లో ముంచి ఒక బోరులో తిప్పి నా చేతిలో పెట్టారు. గుడ్డ మీద నల్లటి చార పడింది. హోనింగు రాయి నుంచి రాలిన రజను ఆ గీతల్లోనే కూర్చుని ఉంటుందనీ, డీజిల్ దాన్ని కదిలించలేదనీ, సబ్బు నీళ్ళే కదిలిస్తాయనీ చెప్పి, వేడినీళ్ళు, బట్టల సబ్బు పొడి, గట్టి బ్రష్షు తెప్పించారు. ఆ బ్రష్షు నేనే అందుకున్నాను. ఒక్కో బోరును మూడేసి సార్లు రుద్ది, కడిగి, గాలి కొట్టి ఆరబెట్టి, మళ్ళీ తెల్ల గుడ్డ తిప్పడం. నాలుగో సిలిండరు నాలుగోసారికి గాని లొంగలేదు. గుడ్డ తెల్లగా వచ్చిన మరుక్షణమే ఆయిల్ పూయాలి, లేకపోతే కొత్త ఇనుము మీద కళ్ళముందే తుప్పు రంగు తేలుతుంది. మొదటిసారి ఇంజిన్ పనిలో ఇలా కడిగారో లేదో నేను చూడలేదు. ఆ రోజు డబ్బులిచ్చి ఇంటికి వెళ్ళిపోయాను.

బిగింపు సంగతి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ప్రతి రింగునూ దాని బోరులో దింపి రెండు కొనల మధ్య ఖాళీని ఫీలర్ గేజితో కొలిచారు, బేరింగు క్యాపులు టార్క్ రెంచితో, హెడ్ బోల్టులు విడతలుగా బిగించి చివర 90 డిగ్రీల కోణం తిప్పారు, ట్యాపెట్లు (వాల్వుల పైన ఉండే సందు) ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే ఇన్‌లెట్ 0.25, ఎగ్జాస్ట్ 0.50 మిల్లీమీటర్లకు పెట్టారు. డీజిల్ పంపూ, ఆరు నాజిళ్ళూ పంప్ రూంలో చెకింగు అయి వచ్చాయి. టర్బోకు కొత్త కార్ట్రిడ్జి (లోపల తిరిగే భాగం) వేశాం. వీటన్నిటిలో నేనైతే మరిచిపోయి ఉండేది ఇంటర్‌కూలరు, అంటే టర్బో తోసిన వేడి గాలిని చల్లబరిచేది. దాన్ని విప్పి తలకిందులుగా కడిగితే మొదటి బకెట్టు నీళ్ళు బూడిద కలిపిన గంజిలా వచ్చాయి. అది కడగకుండా బిగించి ఉంటే కొత్త పిస్టన్లు మొదటి రోజే ఆ బూడిద తినేవి. చివరగా ఎయిర్ క్లీనరు నుంచి ఇన్‌లెట్ దాకా ఉన్న దారినంతా మూసి, తక్కువ గాలి పెట్టి, ప్రతి అతుకు మీదా సబ్బు నురగ పూసి బుడగలు చూశారు. ఒక కొత్త క్లిప్పు దగ్గర బుడగ వచ్చింది. దాన్ని వదులు చేసి, సరిచేసి మళ్ళీ బిగించాం.

స్టార్టు చేసే ముందు టర్బో ఆయిల్ రంధ్రంలో కాస్త ఆయిల్ పోసి, డీజిల్ ఆపే సోలెనాయిడ్ వైరు తీసేసి, సెల్ఫ్ కొట్టారు. ఇరవై సెకన్లు తిప్పడం, రెండు నిమిషాలు ఆగడం, మళ్ళీ తిప్పడం. మూడో విడతలో ఆయిల్ ప్రెషరు ముల్లు లేచింది. అప్పుడు వైరు కలిపి స్టార్టు చేశారు. కొత్త ఇంజిన్‌ను పూట మొత్తం స్లోలో వదిలేయాలని మా దగ్గర చాలామంది చెబుతారు. ఈయన అది తప్పన్నారు. లోడు లేని ఇంజిన్‌లో రింగులను బోరుకు ఒత్తిపెట్టే ఒత్తిడి చాలదు, అవి కూర్చోకముందే బోరు నున్నబడిపోతుందని ఆయన వాదన. అందుకని మొదటి 500 కిలోమీటర్లు సగం లోడుతో, ఇంజిన్‌ను మరీ ఈడ్వకుండా, మరీ ఊరికే ఉంచకుండా నడిపించి, 1,000 కిలోమీటర్లకే ఆయిల్, ఫిల్టరు మార్చాం.

బండి పదమూడు రోజులు నిలబడింది. మొత్తం ఖర్చు 2,14,000 రూపాయలు, అందులో మజూరీ 28 వేలు. మేస్త్రీ గారి బిల్లులో అన్నిటికంటే కిందన ఎల్బో 1,100, లోపలి ఫిల్టరు 900 అని రెండు వరుసలున్నాయి. ఆ వాయిదా ఒకటిన్నర నెల ఆలస్యంగా కట్టాను.

ఇప్పుడు ఫిల్టరుకు గాలి కొట్టడం పూర్తిగా మానేశాం. ఎయిర్ క్లీనరు మీద ఇండికేటరు ఎర్రగా మారినప్పుడు పెద్ద ఫిల్టరు కొత్తది వేస్తాం, దాన్ని మూడుసార్లు మార్చాక చిన్నది ఒకసారి మారుస్తాం. ఇండికేటరు ఎర్రబడకముందే మూత తీసి చూడటం కూడా వద్దని డ్రైవరుకు చెప్పాల్సి వచ్చింది, ఎందుకంటే తీసిన ప్రతిసారీ కాస్త దుమ్ము సీటింగు మీద పడుతుంది. ఫిల్టర్ల ఖర్చు ఏడాదికి కొన్ని వేలు పెరిగిందన్నది నిజమే. లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇచ్చే బండి 3.4కు పడిపోయింది, ఇప్పుడు 3.9 ఇస్తోంది. మిగిలిన ఆ కొంచెం పంపులో ఉందో టైర్లలో ఉందో ఇంకా తేలలేదు.

ఇంజిన్ పని అయ్యాక బండి ఇప్పటికి 61 వేల కిలోమీటర్లు తిరిగింది. ఆయిల్ మార్పుకూ మార్పుకూ మధ్య పైన పోసేది లీటరుకు మించడం లేదు. పోయిన నెల సర్వీసులో ఎల్బో ఊడదీసి లోపల వేలు తిప్పి చూశాను, ఏమీ అంటలేదు. అడుగు వైపు క్లిప్పు పక్కన మాత్రం రబ్బరు ఎండి సన్నటి గీత ఒకటి కనిపించింది. అది ఇంకా చీలిక కాదని, మరో ఆరు నెలలు ఆగవచ్చని డ్రైవరు అన్నాడు. నేను ఆటోనగర్‌కు మనిషిని పంపి అప్పటికప్పుడే కొత్తది తెప్పించి వేయించాను.