ఎల్‌పీఐసీ-2: ఎల్‌డ్యాప్ టాపిక్‌ని ప్రాక్సీ పెట్టి చదివాను

లైనక్స్ అడ్మిన్ సర్టిఫికేషన్ ఎల్‌పీఐసీ-2లో 202-450 పేపర్‌కి చదివేవాళ్లు డీఎన్‌ఎస్, వెబ్ సర్వర్ల మీదే టైమంతా పెట్టి ఎల్‌డ్యాప్‌ని (యూజర్లు, గ్రూపుల వివరాలుండే డైరెక్టరీని వెతికే ప్రోటోకాల్) చివరికి నెట్టేస్తుంటారు. కానీ 60 ప్రశ్నల పేపర్లో 210.4కి, అంటే ఓపెన్‌ఎల్‌డ్యాప్ సర్వర్ కాన్ఫిగరేషన్‌కి, వెయిటేజీ 4. వదిలేసేంత చిన్నదేం కాదు.

నేను ల్యాబ్‌లో యాక్టివ్ డైరెక్టరీ (విండోస్ సర్వర్‌లోని డైరెక్టరీ) ముందు ఓపెన్‌ఎల్‌డ్యాప్‌ని ప్రాక్సీగా, అంటే ప్రశ్నలని అవతలికి చేరవేసే మధ్యవర్తిగా పెట్టాను. 180 రోజుల ట్రయల్ విండోస్ సర్వర్ చాలు. అవతలి డీఎన్‌లను (ఎంట్రీల పూర్తి పేర్లను) మన సఫిక్స్‌లోకి, అంటే మన డొమైన్ చివరి భాగంలోకి తిరగరాసే పని ఆర్‌డబ్ల్యూఎం ఓవర్లేది (ఓపెన్‌ఎల్‌డ్యాప్‌కి తగిలించే మాడ్యూల్). ఇది సిలబస్‌లో లేదు, నిజమే. కానీ స్కీమా (ఏ అట్రిబ్యూట్ ఏ రకమో చెప్పే నిర్వచనాలు) ఎందుకు చదవాలో నాకు ఇక్కడే తెలిసింది.

ఒకే సెర్చ్‌ని నేరుగా ఒకసారి, ప్రాక్సీ మీదుగా ఒకసారి కొట్టి, రెండు అవుట్‌పుట్‌లూ డిఫ్ చేయండి. నాకు పై డీఎన్ లైన్ చక్కగా మారింది, కింద మెంబర్‌ఆఫ్ (యూజర్ ఉన్న గ్రూపులు) విలువల్లో మాత్రం అవతలి డొమైనే ఉంది. రూల్‌లో తప్పేం లేదు. మెంబర్‌ఆఫ్ అనేది డీఎన్ రకం అట్రిబ్యూట్ అని మన సర్వర్‌కి తెలియదు, అందుకే ముట్టుకోలేదు. 1.3.6.1.4.1.1466.115.121.1.12 సింటాక్స్‌తో స్కీమాలో చేర్చాక అదీ మారింది. బట్టీ పట్టలేక తిట్టుకునే ఓఐడీలు (ఇలాంటి చుక్కల నంబర్ల గుర్తింపులు) పనికొచ్చేది ఇలాంటి చోటే.

ఇంకో రకం తంటా ఉంది: ఎర్రర్ కోడ్ 0 (అంటే తప్పేం లేదు), కానీ దొరికిన ఎంట్రీలూ 0. పాస్‌వర్డ్ మీద, ఫైర్‌వాల్ మీద అనుమానపడే ముందు లాగ్‌లెవెల్ 256 పెట్టి లాగ్‌లో ఫిల్టర్ (వెతికే షరతు) లైన్ చూడండి. అట్రిబ్యూట్ పేరు ముందు ప్రశ్నార్థకం కనిపిస్తే అది స్కీమాలో లేదని అర్థం. అలాంటి ముక్కని ప్రాక్సీ, దేనికీ సరిపోని ఫిల్టర్‌గా మార్చి అవతలికి పంపుతుంది. పాపం అవతలి సర్వర్ అడిగినదానికి సరిగ్గానే జవాబిస్తుంది! యాక్టివ్ డైరెక్టరీ లాగిన్ పేరుండే ఎస్‌ఏఎం‌అకౌంట్‌నేమ్‌తో వెతికేటప్పుడు ఎక్కువగా తగిలేది ఇదే. లాగ్‌లెవెల్ సిలబస్‌లో పేరు పెట్టి ఇచ్చిన అంశం, కాబట్టి ఈ కుస్తీ పరీక్షకీ పనికొస్తుంది.

అదే ల్యాబ్‌లో ప్రాక్సీ డేటాబేస్ మీద స్లాప్‌క్యాట్ కూడా నడిపి చూడండి. ఆ డేటాబేస్‌కి ఆ సదుపాయం లేదని ఎర్రర్ ఇస్తుంది. స్లాప్‌క్యాట్ మన డిస్క్ మీది డేటాని చదువుతుంది (ప్రాక్సీకి అలాంటి సొంత డేటా లేదు), ఎల్‌డ్యాప్‌సెర్చ్ సర్వర్‌ని అడిగి తెచ్చుకుంటుంది. ఆప్షన్లలో ఈ రెండూ పక్కపక్కనే కనిపిస్తే ఇక తడబడరు.