ఆవకాయ ఇవ్వడానికి ఆర్మేనియా వెళ్తే

మా అక్క కొడుకు ఆర్మేనియా రాజధాని ఎరెవాన్‌లో ఎంబీబీఎస్ చదువుతున్నాడు, "పిన్నీ ఒక్కసారి రా, వస్తూ ఆవకాయ పట్రా" అని రోజూ ఫోన్‌లో ఒకటే గోల, సరే అని వెళ్ళా. అంతే తప్ప ఆర్మేనియా చూడాలని నాకేం పెద్ద కోరిక లేదు, నిజం చెప్పాలంటే మ్యాప్‌లో ఎక్కడుందో కూడా తెలీదు.

తెల్లారి కిటికీ తీస్తే ఎదురుగా మంచు కప్పుకుని అరారత్ కొండ. రేపు వెళ్దామా అంటే వాడు నవ్వి, అది టర్కీలో ఉంది పిన్నీ, బోర్డర్ 1993 నుంచీ మూసేసే ఉంది అన్నాడు. వీళ్ళ రాజముద్ర మీద కూడా ఆ కొండే, వెళ్ళడానికి మాత్రం లేదు. ఏంటో పాపం.

మటెనదరన్ అని పాత రాతప్రతులన్నీ దాచిన మ్యూజియం ఉంది, అక్కడే నేను ఎక్కువసేపు ఆగిపోయా. ముష్ అనే ఊరి మఠంలోది, తోలు మీద రాసిన ఒక పుస్తకం 28 కేజీలట! 1915లో ఒట్టోమన్ టర్కీలో ఆర్మేనియన్ల మీద జరిగిన మారణకాండలో ఇద్దరు ఆడవాళ్ళు దాన్ని రెండు భాగాలు చేసి చెరోటి మోసుకుంటూ పారిపోయారట, ఒకావిడ దారిలోనే పోయింది, పోయేముందు తన సగాన్ని పాతిపెట్టిందని చెప్తారు, అది కూడా తర్వాత దొరికింది. 23 కేజీల సూట్‌కేస్‌ని చక్రాల మీద లాగడానికే ఆయాసపడ్డదాన్ని నేను.

అక్షరాలంటే వీళ్ళకి అంత ప్రాణం. క్రీ.శ. 405లో మెస్రోప్ మష్తోత్స్ అనే సన్యాసి 36 అక్షరాలు తయారుచేశాడట, ఇప్పుడవి 39, అన్నిటినీ మనిషెత్తు రాళ్ళలో చెక్కి ఒక కొండ కింద నిలబెట్టారు. ఇంకో సంగతి, ప్రపంచంలో మొదటి ఆర్మేనియన్ పత్రిక అచ్చయింది మన మద్రాసులో, 1794లో!

తాతెవ్ మఠానికి రోప్‌వేలో వెళ్ళాం, 5.7 కిలోమీటర్లు, కింద లోయ, నేను సగం దూరం కళ్ళు మూసుకునే ఉన్నా. తొమ్మిదో శతాబ్దం కట్టడం అన్నారు, చూశాం, బాగుంది, చలి.

అసలు మజా ఆ ఊళ్ళో ఒకళ్ళింట్లో. నేలలోకి దిగేసిన మట్టి పొయ్యి, తోనిర్ అంటారు, దాని చుట్టూ ముగ్గురు ఆడవాళ్ళు. ఒకావిడ పిండి ఒత్తి, ఇంకొకావిడ చేతుల మీద ఎగరేసి సాగదీసి, దిండు లాంటి దాని మీద పరిచి లోపలి గోడకి టప్పున కొడుతుంది, అర నిమిషానికల్లా పొక్కులొచ్చి లవాష్ అనే పల్చటి రొట్టె రెడీ. ఎండబెట్టి నెలలు దాచుకుని, నీళ్ళు చిలకరిస్తే మళ్ళీ మెత్తబడుతుందట, నాకైతే పూతరేకులే గుర్తొచ్చాయి. నేనూ ఒకటి కొట్టా, జారి నిప్పుల్లో పడింది, ముగ్గురూ పడీపడీ నవ్వారు.

పెద్దావిడ పిండి చల్లిన బల్ల మీద వేలితో నా పేరు వాళ్ళ అక్షరాల్లో రాసింది. పక్కనే నేను తెలుగులో రాశా. ఆవిడ తల అటూ ఇటూ తిప్పి చూసి ఏదో అడిగింది, మావాడు వచ్చీరాని భాషలో కనుక్కుని "అక్షరాలా, బొమ్మలా అంటోంది పిన్నీ" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే ఆ రెండు పేర్ల మీదే ఇంకో పిండి ముద్ద పెట్టి ఒత్తేసింది.