పొల్లు కీ గట్టిగా ఉన్న ల్యాప్‌టాప్

శనివారం, రాత్రి పదిన్నర. హాస్టల్ గది.

ఈ పేజీ కొత్త ల్యాప్‌టాప్ మీద రాస్తున్నాను. కొత్తది అంటే నాకు కొత్త. నాకంటే ముందు ఎవరో ఏదో ఆఫీసులో నాలుగైదేళ్లు వాడిందే. అరచెయ్యి ఆనే చోట ఎడమవైపు కాస్త నున్నగా అరిగింది. మూత మీద ఏదో స్టిక్కర్ పీకేసిన జిగురు మరక ఉంది. ఈ రెండూ తప్ప వంక పెట్టడానికి ఏమీ కనిపించలేదు. పందొమ్మిది వేల ఐదు వందలయింది. ఏడాదిగా రాత్రిళ్లు ప్రూఫులు దిద్ది దాచుకున్న డబ్బు అది. లెక్కపెట్టి ఇస్తుంటే చేతులు చల్లబడ్డాయి.

పాతది మా అక్క వాడి ఇచ్చిన 15.6 అంగుళాలది. రెండు కిలోల పైన బరువు. మూత మడిచే చోట విరిగిపోయి, మూణ్ణెల్లుగా తెర వెనక నిఘంటువు నిలబెట్టి నెట్టుకొచ్చాను. గదిలో అయితే సరే, కానీ నాకు గదిలో పని తక్కువ. పొద్దున హాస్టల్ నుంచి ఆర్ట్స్ కాలేజీకి నడక, అక్కడి నుంచి యూనివర్సిటీ లైబ్రరీకి, మధ్యాహ్నం మెస్‌కి, మళ్లీ లైబ్రరీకి. వారంలో రెండు రోజులు సుల్తాన్ బజార్‌లో ఉన్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయానికి వెళ్తాను. 1901లో పెట్టిన గ్రంథాలయం అది. 1926లో మొదలైన గోలకొండ పత్రిక మీద నా పరిశోధన. పాత సంచికల్లో ఫొటో తీయలేని పేజీలు చాలా ఉంటాయి. కాగితం ఎర్రబారి, మడత పెట్టిన చోట పొడి రాలుతూ ఉంటుంది. అలాంటి పేజీ ముందు కూర్చుని, చేత్తో తాకకుండా, చూసి టైపు చేసుకోవాల్సిందే. అంటే నా ల్యాప్‌టాప్ నాతో నడవాలి, నేను కూర్చున్న చోటల్లా తెరుచుకోవాలి.

ఏది కొనాలో అడిగితే ఒక్కొక్కరు ఒక్కోటి చెప్పారు. ఒకరు ర్యామ్ అన్నారు, ఒకరు గ్రాఫిక్స్ కార్డు అన్నారు. ఎంత బరువు మోయగలవని ఒక్కరూ అడగలేదు. అందుకే గురువారం నుంచి నేనే చూసుకున్నాను. లీటరు నీళ్లంటే కిలో కదా. మొదటి రోజు రెండు లీటరు సీసాలు నింపి బ్యాగులో వేసుకుని మామూలుగా తిరిగాను. ఆర్ట్స్ కాలేజీ మెట్ల దగ్గరికి వచ్చేసరికే ఎడమ భుజం లాగింది. నిన్న ఒక సీసా నిండా, ఇంకోటి ముప్పాతిక దాకా పోశాను. సాయంత్రం దాకా బ్యాగు సంగతే గుర్తు రాలేదు. కాబట్టి ఛార్జర్‌తో కలిపి కిలో ఏడు వందల యాభై, అంతకు మించకూడదు అనుకున్నాను. ఛార్జర్‌ని మాత్రం ఎవరూ లెక్కలో వేయరు. దుకాణంవాళ్లు చెప్పే బరువు ఎప్పుడూ ఛార్జర్ లేని బరువే. పాత రకం ఛార్జర్ ఇటుక ఒక్కటే మూడు, నాలుగు వందల గ్రాములుంటుంది.

పొద్దున బయల్దేరే ముందు బాపు ఫోన్ చేశాడు. ల్యాప్‌టాప్‌ల గురించి ఆయనకేం తెలియదు, జీవితంలో రెండు స్కూటర్లు కొన్నాడు, రెండూ సెకండ్ హ్యాండ్‌వే.

"బిడ్డా, పాత బండి అమ్మేటోడు మనం పొయ్యేసరికి ఇంజన్ వేడి జేసి పెడ్తడు. వేడి మీద అన్ని బండ్లు మంచిగనే నడుస్తయి. చల్లగున్న బండి ఒక్క కిక్కుకు స్టార్టయితదా లేదా, అది చూడాలె" అన్నాడు.

స్కూటర్ మాటే అనుకుని సరే బాపు అన్నాను. తార్నాకలో మెట్రో ఎక్కాక అర్థమైంది, అది ల్యాప్‌టాప్‌కీ సరిపోయే మాటేనని.

నాతో మా రూమ్మేట్ వచ్చింది. ఫిజిక్స్ అమ్మాయి, నన్ను అక్కా అంటుంది. పెన్‌డ్రైవ్‌లో నాకు కావలసినవన్నీ నిన్న రాత్రే వేసిపెట్టింది. మెట్టుగూడ, సికింద్రాబాద్ ఈస్ట్, పరేడ్ గ్రౌండ్ దాటి ప్యారడైజ్‌లో దిగి, పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి నడిచాం. లోపల అడుగు పెడితే ఎటు చూసినా కంప్యూటర్లే. పాత ల్యాప్‌టాప్‌లు పెళ్లిలో విస్తళ్లలా వరసగా పరిచి ఉన్నాయి. అన్నీ ఆన్‌లోనే ఉన్నాయి, ప్రతిదానికీ ఛార్జర్ తగిలించే ఉంది. బాపు చెప్పిన వేడి ఇంజన్లు ఇవే అనుకున్నాను.

మొదటి దుకాణంలో 14 అంగుళాలది ఒకటి చూపించాడు. పైకి మెరిసిపోతోంది. "దీన్ని ఆపేసి, ఛార్జర్ తీసేసి, మళ్లీ ఆన్ చేస్తారా అన్నా?" అని అడిగాను. అతను చేశాడు. ఆన్ అయింది. మా రూమ్మేట్ అప్పటికే బ్యాటరీ రిపోర్ట్ తీసింది. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి బ్యాటరీరిపోర్ట్ అని కలిపి కొడితే చాలు, విండోసే ఒక పేజీ తయారుచేసి ఇస్తుంది. అందులో రెండు అంకెలు చూడాలి. ఒకటి ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు బ్యాటరీలో ఎంత పట్టేదో, రెండోది ఇప్పుడు నిండా ఎక్కిస్తే ఎంత పడుతుందో. దీనికి సగం కంటే తక్కువ పడుతోంది. బ్యాటరీ మార్పిస్తానన్నాడు. సరేలే అనుకుంటూ మళ్లీ ఆన్ అయ్యేటప్పుడు, విండోస్ కంటే ముందే లేచే బయోస్ అనే సెట్టింగుల్లోకి వెళ్తే సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ అడిగింది. "అదేం కాదు మేడమ్, విండోస్ నడుస్తది కదా" అన్నాడు. నడుస్తుంది, నిజమే. కానీ ఆ తాళం ఎవరిదో, ఏ కంపెనీ వేసిందో, తీయకుండానే ఎందుకు అమ్ముతున్నారో అతనికీ తెలియదు. తాళంచెవి లేకుండా ఇల్లు కొనుక్కున్నట్టు అనిపించి లేచి వచ్చేశాం.

రెండో చోట 12.5 అంగుళాల చిన్న మిషన్ చూడగానే ముచ్చటేసింది. చేతిలోకి తీసుకుంటే నోట్‌బుక్కులా ఉంది. ధర కూడా పదమూడు వేలే. కానీ దాంట్లో ఉన్నది ఏడో తరం ఐ5 ప్రాసెసర్. చాలామంది ఐ5 అన్న మాట ఒక్కటే చూస్తారు. సన్న ల్యాప్‌టాప్‌లలో వేసే ఐ5కి ఏడో తరం దాకా రెండు కోర్లే, ఎనిమిదో తరంలో నాలుగయ్యాయి. విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ పెట్టిన గీత కూడా దాదాపుగా ఆ ఎనిమిదో తరం దగ్గరే ఉంది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. "11 వేసే ఉంది కదా మేడమ్" అన్నాడు ఆ అబ్బాయి. వేశారు గానీ, గీతకి అవతల ఉన్న మిషన్‌కి రేపు అప్‌డేట్లు సరిగ్గా వస్తాయన్న భరోసా లేదు. థీసిస్ అంతా అందులో పెట్టుకుని ఆ టెన్షన్ నాకెందుకు?

అయినా నేను దాన్ని వదిలేసింది అందుక్కాదు, తెర చూసి. నా పెన్‌డ్రైవ్‌లో ఒక పేజీ ఉంది, ప్రూఫులు దిద్దేటప్పుడు నన్ను ఏడిపించిన మాటలన్నీ పోగేసుకున్నది. సామర్థ్యం, రాష్ట్రం, జ్యోత్స్న, వైశిష్ట్యం, స్వాతంత్ర్యం, ఊర్ధ్వం. దాన్ని మామూలు సైజులో తెరిచి చూశాను. ఆ తెర 1366 బై 768. ఇంగ్లీషుకి అది సరిపోతుంది, ఎన్నో ఆఫీసులు దాంతోనే నడిచాయి. తెలుగులో అక్షరం కింద ఒత్తు, ఒత్తు కింద ఇంకో ఒత్తు పడతాయి. జ్యోత్స్నలో కింది రెండూ కలిసిపోయి నల్లటి మచ్చ అయింది. అంతకంటే ఘోరం థ, ధ, ద. థ కడుపులో చుక్క ఉందో లేదో, ధ కింద గీత ఉందో లేదో తెరకి ముక్కు ఆనించి చూస్తే గానీ తెలియట్లేదు. తెర కొంచెం వెనక్కి వంచితే అక్షరాలు వెలిసిపోతున్నాయి కూడా. పాత పత్రిక చూసి ఎక్కించేటప్పుడు అర్థం, అర్ధం తారుమారైతే ఆ తప్పు నా థీసిస్‌లోకి, నన్ను చూసి రాసేవాళ్లలోకి పోతుంది. ఆ పిల్లవాడికి థాంక్స్ చెప్పి బయటికొచ్చాం.

కింద టీ తాగాం. మా రూమ్మేట్ "అక్కా, ఇంకో వారం ఆగుదామా?" అంది. ఆగే ఓపిక నాకూ లేదు, భుజానికీ లేదు.

పై అంతస్తులో మూలగా ఉన్న చిన్న దుకాణంలో దొరికింది ఇది. థింక్‌ప్యాడ్ టి480ఎస్. 2018 మోడల్, ఎనిమిదో తరం ఐ5, 14 అంగుళాల తెర, 1920 బై 1080. బరువు కిలో మూడు వందల పైచిలుకు. ఇంతకు ముందు చూసిన 12.5 అంగుళాలదానికీ దీనికీ చేతిలో బరువు తేడా పెద్దగా తెలియలేదు. చిన్నదైతే తేలికే ఉంటుందని ఇన్నాళ్లూ అనుకున్నది తప్పని అక్కడే తెలిసింది. ఛార్జర్ సీ టైపు, 65 వాట్లది, పాత ఇటుకల్లో సగం కూడా లేదు. హాస్టల్లో చాలామంది దగ్గర సీ టైపువి ఉన్నాయి. అన్ని ఫోన్ ఛార్జర్లూ పనికిరావు గానీ, పీడీ (పవర్ డెలివరీ) అని రాసి ఉండి 45 వాట్లో అంతకంటే ఎక్కువో ఉంటే ఇది తీసుకుంటుంది.

దుకాణం ఆయన పెద్దాయన, తొందరపెట్టలేదు. "అంకుల్, దీన్ని పూర్తిగా ఆపేసి ఓ ఇరవై నిమిషాలు పక్కన పెడతారా? ఛార్జర్ లేకుండా ఆన్ చేసి చూడాలి" అన్నాను. ఆయన నా మొహం వంక చూసి, "కూర్చోమ్మా" అని స్టూలు జరిపాడు. ఆ ఇరవై నిమిషాల్లో బోల్టులన్నీ ఉన్నాయా, వాటి తలలు అరిగాయా, మూత ఒంటి చేత్తో తెరిస్తే ఒక పక్కకి ఒరుగుతోందా చూసుకున్నాను. తర్వాత ఆన్ చేస్తే వెంటనే లేచింది. బ్యాటరీ రిపోర్ట్‌లో ఒకప్పుడు 57,020 పట్టేది, ఇప్పుడు 42,310 పడుతోందని వచ్చింది. దాదాపు నాలుగింట మూడు వంతులు. బయోస్ ఏ పాస్‌వర్డూ అడగలేదు. అందులో ఉన్న సీరియల్ నంబరూ అడుగున స్టిక్కర్ మీద నంబరూ ఒకటే. తెర నిండా తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం వరసగా పెట్టి చూశాం, చుక్కలేమీ లేవు. జ్యోత్స్నలో రెండు ఒత్తులూ వేరువేరుగా కనిపించాయి. థ కడుపులో చుక్క కూడా.

చివరిగా కీబోర్డు. దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఇది ఎవరూ చెప్పగా వినలేదు. నేను ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు పద్ధతిలో టైపు చేస్తాను. ఎడమ చేతికి అచ్చులు, గుణింతాలు, కుడి చేతికి హల్లులు. ఎడమ నడిమివేలు ఆగే డి కీ మీద పొల్లు ఉంటుంది. ఒత్తు కావాలంటే ముందు పొల్లు నొక్కాలి. స్వాతంత్ర్యం అనే ఒక్క మాటకే మూడుసార్లు. అంటే మనకి డి కీ మెత్తబడినా, రెండుసార్లు పడినా, పడకపోయినా తెలుగు ఆగిపోయినట్టే. రెండో దుకాణంలోని మిషన్‌కి ఆ కీ కాస్త అంటుకుంటోంది. అమ్మేవాళ్లు అన్ని కీలూ ఒక్కోసారి నొక్కి "చూడండి, పనిచేస్తున్నాయి" అంటారు. ఒక్కసారి నొక్కితే ఏం తెలుస్తుంది? స్టూలు మీద కూర్చుని, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, నోటికొచ్చిన సుమతీ శతకం పద్యాలు నాలుగు ఆపకుండా కొట్టాను. పొల్లు ప్రతిసారీ పడింది. కీ లోపలికి వెళ్లి తిరిగి వేలిని పైకి నెట్టే ఆ చిన్న ఊపు సమంగా ఉంది. ఇంగ్లీషు కొట్టిన చేతులు ఇ కీనీ స్పేస్ బార్‌నీ అరగదీశాయి గానీ, డి మీద అక్షరం ఇంకా గరుకుగానే ఉంది. పెద్దాయన తెర మీదకి వంగి పద్యం చదివి, "పూర్తి చెయ్యమ్మా" అన్నాడు. ఆఖరి పాదం పూర్తి చేశాను.

ఇరవై రెండు అన్నాడు, పందొమ్మిదిన్నరకి ఒప్పుకున్నాడు. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకున్నాను, నెల రోజుల వారంటీ కూడా. ర్యామ్ 8 జీబీ, బోర్డుకే అతికించి ఉంది. పక్కన ఇంకో స్లాట్ ఖాళీ, డబ్బులు చేరినప్పుడు చూసుకోవచ్చు.

తిరిగి వచ్చేటప్పుడు మెట్రోలో బ్యాగు ఒళ్లోనే పెట్టుకున్నాను. సాయంత్రం లైబ్రరీలో ప్లగ్ పాయింటు లేని బల్ల దగ్గర, కావాలనే, ఐదింటికి కూర్చున్నాను. తెర వెలుగు సగం పెట్టి, వైఫై ఆపి టైపు చేశాను. లేచేసరికి ఎనిమిది దాటింది. నూరు నుంచి 39కి వచ్చింది. ఒక పూట పని గడిచిపోతుంది. ఫ్యాన్ చప్పుడు రెండుసార్లు మాత్రమే వినిపించింది, ఎదురుగా చదువుకుంటున్న అతను తలెత్తలేదు.

మా రూమ్మేట్ నిద్రపోయింది. కీల చప్పుడుకి లేస్తుందేమో అనుకున్నాను, కదల్లేదు. ఇందాక బ్యాగు సర్దుతుంటే అడుగున నిన్నటి నీళ్ల సీసాలు రెండూ అలాగే ఉన్నాయి. ఒకటి తాగేశాను, రెండోది కిటికీలో తులసి కుండీలో పోశాను. చల్లగా ఉన్నప్పుడే స్టార్టయిందని బాపుకి చెప్పాలి. ఈపాటికి పడుకుని ఉంటాడు, పొద్దున చేస్తాను.